కరెంటు కుక్కర్‌లో రాత్రంతా పాయా: స్లో కుక్ ఎలా చేయాలి?

కరెంటు ప్రెషర్ కుక్కర్ కొన్నవాళ్లు స్లో కుక్ బటన్‌ను ఒకసారి నొక్కి చూస్తారు, మళ్లీ దాని జోలికి పోరు. పొద్దున లేచి మూత తీస్తే పులుసు గోరువెచ్చగా, ముక్క రబ్బరులా ఉంటుంది. ఇంకేముంది, ఆ బటన్ దండగని పదిమందికి చెప్తారు. నాకు ఇది వినీ వినీ విసుగొచ్చింది. హనుమకొండలో మా ఇంట్లో ఆదివారం పాయా, అదే మేకకాళ్ల పులుసు, ఏళ్ల తరబడి ఈ బటన్ మీదే ఉడుకుతోంది. స్లో మోడ్ వేడిని నిలబెడుతుంది, చల్లటి గిన్నెను వేడెక్కించడం మాత్రం దాని వల్ల కాదు. ఈ సంగతి తెలిస్తే చాలు.

మా అత్తమ్మ పిడకల దాలి మీద పొద్దున పాలకుండ పెట్టేది. సాయంత్రానికి పాలు లేత ఎరుపుకొచ్చి, పైన మందంగా మీగడ కట్టేది. మనం చేయబోయేదీ ఆ పనే, పిడకల బదులు ప్లగ్గు.

కావలసినవి

ఆరు లీటర్ల కుక్కర్, దానికి సరిపోయే గాజు మూత. మేకకాళ్లు ఎనిమిది. దుకాణంలోనే కాల్చి, గీరి, ముక్కలు కొట్టించుకోండి. ఉల్లిగడ్డలు మూడు, అల్లం వెల్లిగడ్డ ముద్ద రెండు చెంచాలు, పసుపు, ఉప్పు, ధనియాల పొడి, షాజీరా, లవంగాలు, దాల్చిన చెక్క, కొత్తిమీర, పుదీనా.

కారం మాత్రం చపాట మిరపదే వేయాలి. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాట మిర్చికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. పాయాకు కావలసింది ఆ రంగే. ఘాటు కావాలంటే చివర్లో మిరియాల పొడి ఉంది. ఏనుమాముల మిర్చి మార్కెట్ పక్కన ఉండి కూడా ప్యాకెట్ కారం వేసుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

కడగడం, వేయించడం

కాళ్లకు పసుపు, ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచి, నాలుగు నీళ్లలో కడగండి. కుక్కర్‌ను సాటే మోడ్‌లో పెట్టి నూనె, మసాలా దినుసులు, ఉల్లిగడ్డలు, అల్లం వెల్లిగడ్డ, ఈ వరసలో వేసి ఎర్రగా వేయించండి. కాళ్లు వేసి ఐదు నిమిషాలు కలపండి. పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు వేయండి. ఉప్పు సగమే, మిగతాది పొద్దున. లీటరున్నర నీళ్లు పోయండి. నీళ్లు మరుగుతున్నవి పోయాలి, పక్క స్టవ్ మీద ముందే పెట్టుకోండి. గిన్నె సగానికి పైన నిండాలి, మూడింట రెండు వంతులు దాటకూడదు.

అసలు మెట్టు ఇక్కడుంది

అమెరికాలో 1971లో క్రాక్‌పాట్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చిన స్లో కుక్కర్‌లో మందపాటి పింగాణీ గిన్నె ఉంటుంది, వేడి దాని చుట్టూ పక్కల నుంచి వస్తుంది. మన కరెంటు కుక్కర్‌లో పలుచని స్టీలు గిన్నె, వేడి అడుగు నుంచి మాత్రమే. అందుకే ఆ కుక్కర్ కోసం రాసిన కొలతలు దీనికి కుదరవు. ఇన్‌స్టంట్ పాట్ రకం కుక్కర్లలో స్లో మోడ్‌కు మూడు మెట్లు ఉంటాయి. అడుగుది సుమారు 82 నుంచి 88 డిగ్రీలు, మధ్యది 93 దాకా, పైది 93 నుంచి 99. వంటకంలో ‘లో మీద ఎనిమిది గంటలు’ అని ఉందని మీరూ లో నొక్కితే కాళ్లలోని నరాలు కరగవు. మీరు నొక్కాల్సింది హై, అంటే పై మెట్టు. లో అన్న బటన్ ఉందన్న సంగతే మరిచిపోండి.

హై నొక్కడానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. సాటే మోడ్‌లోనే, మూత లేకుండా, గిన్నె మొత్తం తెర్లాలి. అంచుల వెంట చిన్న బుడగలు రాగానే అయిపోయిందనుకుంటారు. అది తెర్లడం కాదు. నడిమధ్యన పెద్ద బుడగలు లేచి, కాళ్ల ముక్కలు వాటంతట అవే కదలాలి. అప్పటి నుంచి పది నిమిషాలు లెక్కపెట్టండి. పైకొచ్చే బూడిదరంగు నురగను గరిటెతో తీసేస్తూ ఉండండి. తీయకపోతే పులుసు మురికిగా కనిపిస్తుంది.

ఎందుకింత చెప్తున్నానంటే, 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో మాంసంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. చల్లటి నీళ్లు పోసి నేరుగా స్లో నొక్కితే గిన్నె ఆ మధ్యలోనే గంటల తరబడి నానుతుంది. మొదటిసారి నేను చేసిందీ అదే. పొద్దున మూత తీస్తే కాళ్లు రాళ్లలా ఉన్నాయి, పులుసులో వేలు పెడితే కాలలేదు. ఎనిమిది కాళ్లూ పారబోశాను. అంతే కాదు, ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ మాంసం స్లో మోడ్‌లో వేయొద్దు. పచ్చి మాంసం వేసి, వంట ఆలస్యంగా మొదలయ్యేలా డిలే టైమర్ పెట్టి ఆఫీసుకు పోవడం అంతకన్నా తప్పు.

పది నిమిషాలు తెర్లాక క్యాన్సిల్ నొక్కి, వెంటనే స్లో కుక్, హై, తొమ్మిది గంటలు. తెర మీద హై అని కనిపిస్తోందో లేదో కళ్లతో చూడండి. చాలా మోడళ్లు తమంతట తామే మధ్య మెట్టుకు వచ్చి నిలుస్తాయి. గాజు మూత పెట్టండి. అది లేకపోతే కుక్కర్ మూతే పెట్టి, వాల్వ్‌ను వెంటింగ్ వైపు, అంటే ఆవిరి బయటికి పోయే వైపు తిప్పండి. ఆవిరిని మూసేసే సీలింగ్ వైపు పెట్టి పడుకోవద్దు. నాకు గాజు మూతే కావాలి, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. గంట తర్వాత చూస్తే అంచు దగ్గర అప్పుడొకటి అప్పుడొకటి బుడగ లేస్తూ ఉండాలి. మూత ఎత్తి చూడొద్దు, పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

మీ కుక్కర్ మీద నమ్మకం లేకపోతే మాంసం వేసే ముందు ఒకసారి నీళ్లతో పరీక్షించండి. సగం గిన్నె నీళ్లు, స్లో, హై, ఎనిమిది గంటలు. థర్మామీటర్ ముంచితే 90 డిగ్రీలకు అటూ ఇటూగానైనా ఉండాలి. 85 కూడా రాకపోతే దాన్ని ప్రెషర్‌కే వాడుకోండి.

కరెంటు పోతే

ఇది ఎవరూ రాయరు. రాత్రి కరెంటు పోయి వస్తే కొన్ని మోడళ్లు ఆగిన చోటి నుంచి మొదలవుతాయి, కొన్ని ఆగిపోయి అలాగే ఉంటాయి. మీది ఏ రకమో నీళ్లు పోసి, ప్లగ్గు తీసి పెట్టి తెలుసుకోండి. పొద్దున గిన్నె చల్లగా కనిపిస్తే, ఎప్పుడు ఆగిందో తెలియకపోతే, మళ్లీ మరిగించి తినే ఆలోచన వద్దు. పారేయండి. స్లో మోడ్ కదా, ఇన్వర్టర్ మీద నడుస్తుందనుకోకండి. వేడి కావాల్సినప్పుడల్లా అది పూర్తి వాట్లు లాగుతుంది.

విజిల్ కుక్కర్‌లో ముప్పావు గంటలో అయ్యే పనికి తొమ్మిది గంటలెందుకు అంటారు. విజిల్ కుక్కర్‌లో పులుసు ఎగిరెగిరి ఉడికి కొవ్వంతా అందులో కలిసిపోతుంది, పులుసు తెల్లగా చిక్కబడుతుంది. స్లోలో పులుసు తేటగా ఉండి, నూనె పైన విడిగా తేలుతుంది. ముక్క ఎముకను పట్టుకునే ఉంటుంది, నోట్లో పెట్టగానే విడిపోతుంది. మేడారం జాతర ఏడాది ఇంటికి పదిమంది దిగినప్పుడు కూడా రాత్రి పెట్టి పడుకుంటాను, తెల్లారి ఆరింటికి గిన్నె సిద్ధం.

రాజ్మా మాత్రం ఇలా చేయకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, స్లో మోడ్ వేడికి అది చావదు. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు బాగా తెర్లించాకే స్లోలో వేయాలి. నేనైతే ప్రెషర్‌లోనే పెడతాను.

పొద్దున

తొమ్మిది గంటలయ్యాక ఒక గిట్ట ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కండి. తోలు జారి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటే అయినట్టే. లేదంటే ఇంకో గంట. తర్వాత మిగతా ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీర, పుదీనా వేసి సాటేలో రెండు నిమిషాలు తెర్లించి దించండి. పెరుగు పోసే అలవాటుంటే అదీ ఇప్పుడే, బాగా చిలికి. రాత్రే పోస్తే విరిగిపోతుంది. జొన్న రొట్టెతో వేడిగా తినండి, నిమ్మకాయ పిండుకోండి. మిగిలింది వెడల్పాటి గిన్నెలోకి మార్చి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాటికి జెల్లీలా గడ్డకడుతుంది. పైన తెల్లటి కొవ్వును చెంచాతో గీరేసి, మళ్లీ తెర్ల కాచి పోసుకోండి.