స్టేజీ మీద మాట ఆగిపోతే: సమస్య, అసలు కారణం, పరిష్కారం

తీర్థాల్లో, శ్రీరామనవమి పందిళ్లలో పద్య నాటకాలు ఆడేవాళ్ల కోసం ఇది. పాఠం, రాగం వచ్చుననే అనుకుని రాస్తున్నాను.

సమస్య: మీసం ఊడుతోంది

కారణం చెమట. కోనసీమ ఉక్కలో తడి ముఖం మీద స్పిరిట్ గమ్ పట్టదు. ముఖం పొడిగా తుడిచి, గమ్ రాసి, కాస్త జిగురు తేలాక అతికించండి. స్టేజీ మీదే ఊడితే మీసం మెలేసే నెపంతో లాగేసి నడుంపట్టీలో దోపేయండి. లేని మీసాన్ని జనం మర్చిపోతారు, వేలాడే మీసాన్ని మర్చిపోరు.

సమస్య: గొంతు అందడం లేదు

ముందు పాడినాయన శృతి (హార్మోనియం మీద పాటకి ఆధార స్వరం) నాలుగు, మీది ఒకటిన్నర. హార్మోనియం ఆయనకి సీనుకి ముందే చెప్పుకోవాలి. ఇది కూడా చెప్పాలా?

సమస్య: ఎదుటి నటుడు నోరు తెరవడం లేదు

పద్యం మర్చిపోయాడనే అందరూ అనుకుంటారు. వింగులోంచి (స్టేజీ పక్క తెర చాటు నుంచి) నలుగురు నాలుగు రకాలుగా అందిస్తారు, ఉన్న మతి కూడా పోతుంది. చాలాసార్లు ఆయన ఏమీ మర్చిపోలేదు. మీరే అందించాల్సిన మాట అందించలేదు.

ఇప్పుడు ఒకే నాటక సమాజం వాళ్లు నాటకం మొత్తం ఆడటం తక్కువ. ఒకే కృష్ణుడి వేషాన్ని సీన్లు పంచుకుని ఇద్దరు ముగ్గురు కడతారు. కాంట్రాక్టరు ఒకటో కృష్ణుణ్ని పాలకొల్లు నుంచి, రెండో కృష్ణుణ్ని మండపేట నుంచి, దుర్యోధనుణ్ని తెనాలి వైపు నుంచి పిలుస్తాడు. ముగ్గురూ కలిసేది మేకప్ గదిలోనే. ఎవరి కత్తిరింపులు వాళ్లవి. రాయబారం సీన్లో కృష్ణుడిగా మీరు అలవాటుగా వదిలేసే పద్యం చివర్లోనే దుర్యోధనుడు లేవాల్సిన మాట ఉంటుంది. మీరు హాయిగా ఆపేస్తారు. ఇంకో పద్యం ఉందిగా అని ఆయన చూస్తుంటాడు. ఇద్దరూ మర్యాదగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ముందు వరసలో ఈలలు మొదలవుతాయి. వన్స్ మోర్ పడ్డప్పుడూ ఇదే గొడవ: మీరు పద్యం మళ్లీ ఎత్తుకుంటారో లేదో తెలియక అవతలాయన ఆగిపోతాడు.

స్టేజీ మీద పరిష్కారం: వింగు వైపు చూడకండి, మీ ఆఖరి మాటే మళ్లీ అనకండి. వేషంలోనే ఉండి ప్రశ్న వేయండి: "సుయోధనా, మౌనమేల? సంధికి సమ్మతమా, కాదా?" దానికి ఏ దుర్యోధనుడి దగ్గరైనా జవాబు ఉంటుంది. అప్పటికీ కదలకపోతే హార్మోనియం వినండి. అన్ని ఊళ్ల వాళ్లకీ వాయించిన మనిషి, తర్వాతి పద్యం రాగం అప్పటికే ఎత్తుకుని ఉంటాడు.

అసలు పరిష్కారం మేకప్ గదిలోనే ఉంది. రంగు ఆరేదాకా ఫోన్ చూసే బదులు ఎదుటి వేషం పక్కన కూర్చుని, "బాబూ, ఏ పద్యాలు తీసేస్తున్నారు? నాకు అందించే ఆఖరి మాటేంటి?" అని అడగండి. ఆ మాటలు హార్మోనియం ఆయన చెవినా వేయండి. పెద్ద పేరున్న వాళ్లకే ఇలా అడగడం నామోషీ. రాత్రి రెండింటికి ఈలలు తినేదీ వాళ్లే.

మిగతావి అరుదు. కరెంటు పోతే జనరేటర్ వచ్చేదాకా పద్యం ఆపకండి. తెర ఇరుక్కుంటే కదలకుండా నిలబడండి, లాగేవాళ్లు లాగుతారు. కుక్క స్టేజీ ఎక్కితే భటుడి వేషం ఆయన తోలేస్తాడు, మీరు చూడనట్టే ఉండండి.