ఏప్రిల్ 14న ఇంట్లో ఒక్క అరగంట కేటాయించండి

ఎండలు ముదురుతున్నాయి. ఏసీలు, కూలర్లు, ఫ్రిజ్ అన్నీ కలిసి ఇంటి వైరింగ్ మీద ఏడాదంతా లేనంత లోడ్ వేసే రోజులివి. సరిగ్గా ఈ కాలంలోనే, ఏప్రిల్ 14న, మన దేశంలో అగ్నిమాపక దినం జరుపుతారు. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంటలు లేచాయి. పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు రెండూ అదే ఓడలో ఉన్నాయి. ఆర్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బందిలో 66 మంది తిరిగి రాలేదు. వాళ్ల జ్ఞాపకంగానే 20వ తేదీ దాకా వారోత్సవాలు.

ఈ వారంలో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో డ్రిల్లులు పెడతారు. ఇంటికి మాత్రం ఎవరూ వచ్చి చూడరు. ఇళ్ల కోసమే ఒక రోజును చట్టం చేసి ప్రకటిస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. అందాకా 14నే మన ఇంటి తనిఖీ రోజుగా పెట్టుకుందాం.

ముందు వంటగది. స్టవ్ వెనక గ్యాస్ ట్యూబును వేళ్లతో కొంచెం వంచి చూడండి. వెంట్రుకంత సన్నటి పగుళ్లు కనిపించినా, వాడటం మొదలుపెట్టి ఐదేళ్లు దాటినా మార్చేయండి. సిలిండర్ పైన పిడిని పట్టి ఉంచే నిలువు పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఉదాహరణకు 'బి 27' అంటే 2027 ఏప్రిల్–జూన్ నాటికి ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాలని. 'ఎ' జనవరి–మార్చి, 'సి' జులై–సెప్టెంబర్, 'డి' అక్టోబర్–డిసెంబర్. గడువు దాటినది వస్తే గుమ్మం దగ్గరే వెనక్కి పంపండి, మొహమాటపడొద్దు.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకండి. వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేల వెంబడి పరుచుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు నూనె అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను గదంతా చిమ్ముతాయి. స్టవ్ కట్టేసి, పక్కనుంచి మూత జరిపి, చల్లారేదాకా తీయకుండా ఉంచండి.

ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టొద్దు. అరగంట నడిపి, మెయిన్ ఆపి, ప్లగ్గు పట్టుకోండి. చెయ్యి కాలేంత వేడిగా ఉన్నా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక ఉన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్) పదే పదే పడిపోతోందని పెద్దది వేయించడం మరీ ప్రమాదం, అది వైర్లను కాపాడటానికే పడిపోతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని రాత్రంతా, అందులోనూ బయటికి వెళ్లే దారిలో, ఛార్జింగ్‌కు పెట్టకండి.

ఇక దారి సంగతి. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక ఇరుకు దారి. ఆ వార్త చదివిన రోజు మా ఇంటి మెట్ల కింద పేర్చిన పాత పేపర్లు, అట్టపెట్టెలు మొత్తం తీయించేశాను. మీ మెట్ల మీద ఏముందో వెళ్లి చూడండి. పొగ కమ్మితే నిలబడొద్దు, నేలకు దగ్గరగా పాకుతూ బయటపడాలి. సామాన్ల కోసం, సెల్‌ఫోన్ కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు. ఫైర్‌కు 101, ఏ ఆపదకైనా 112.

ఒళ్లు కాలితే టూత్‌పేస్ట్, ఇంకు పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చివరగా గ్రిల్ తాళం. 14వ తేదీ రాత్రి లైట్లన్నీ ఆపి, ఆ తాళంచెవి తెచ్చి గ్రిల్ తీయమని ఇంట్లో ఒక్కొక్కరికీ చెప్పండి, పిల్లలతో సహా. ఎవరైనా తడుముకుంటే తాళంచెవి చోటు మార్చి, మళ్లీ మొదటినుంచి చేయించండి.