ఫ్రీక్యాడ్‌లో జాలీ, 4వ పాఠం: 18 కళ్లు, 17 సందులు

ఈసారి ఫ్రీక్యాడ్‌లో (కంప్యూటర్‌లో వస్తువుల నమూనాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) జాలీని గుండ్రటి స్తంభం చుట్టూ తిప్పడం చెప్పాలనుకున్నాను. దాన్ని పక్కన పెట్టాను. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫైళ్లు తెరిచి చూస్తే చాలా వాటిలో పట్టీలు ఒకే మందంలో లేవు. కొన్నింటిలో కళ్లు, అంటే జాలీ రంధ్రాలు, కుడివైపు అంచుకు ఆనేంత దూరం పోయాయి. ఒకరికైతే జాలీయే రాలేదు, పలకకు ఒక మూలన చెయ్యి పట్టేంత బొక్క పడింది. ఇది నేను ఒక్క ముక్కలో దాటేసిన విషయం వల్ల జరిగింది. అందుకే ఈ రోజు మళ్లీ అదే వెంటిలేటర్ జాలీ.

కొలతలు మారలేదు. పలక 480 × 300 మిల్లీమీటర్లు. చుట్టూ కనీసం 20 అంచు వదలాలి. కన్ను ఆరు భుజాలది, తేనెతుట్టెలో ఉన్నట్టు. ఎదురెదురు భుజాల మధ్య 20, రెండు కళ్ల మధ్య పట్టీ 3. అంటే ఒక కన్ను నడుమ నుంచి పక్క కన్ను నడుమకి 23. దీన్నే పిచ్ అంటున్నాం. ఆరు భుజాల బొమ్మ ఎలా గీయాలో, పాకెట్ (గీసిన బొమ్మ మేర పలకను తొలిచేయడం) ఎలా కొట్టాలో మళ్లీ చెప్పను, అవి మీకు వచ్చు.

ముందు వరసల సంగతి. కొందరు పక్కకూ 23, పైకీ 23 పెట్టారు. పై వరస సగం పిచ్, అంటే 11.5 పక్కకు జరిగి కూర్చుంటుంది కాబట్టి అది కిందికి దిగాలి. మన నల్గొండ బత్తాయి తోటనే తీసుకోండి. చెట్టుకి చెట్టుకి 20 అడుగులు ఉండేలా చదరంగా నాటితే వరసల మధ్యా 20 అడుగులే. అదే రెండో వరసను సగం జరిపి, ఏ చెట్టు నుంచి ఏ పక్క చెట్టుకైనా 20 అడుగులే ఉండేలా నాటితే వరసల మధ్య 17.32 అడుగులు చాలు. పెద్ద తోటలో అదే నేలకి దాదాపు 15 శాతం చెట్లు ఎక్కువ పడతాయి. 17.32ని 20తో భాగిస్తే వచ్చే ఆ 0.866 లెక్కే మన జాలీకీ: 23 × 0.866 అంటే 19.92. దీని బదులు 23 పెడితే నిలువు పట్టీలు 3 మిల్లీమీటర్లే ఉంటాయి, ఏటవాలు పట్టీలు మాత్రం 5.67 అవుతాయి. మీ ఫైళ్లలో నిలువుగా సాగినట్టు కనిపించిన జాలీలన్నీ ఇవే.

ఇప్పుడు అసలు తప్పు. ఫ్రీక్యాడ్‌లో ఒకే కన్నును వరసగా పరిచే లీనియర్ ప్యాటర్న్‌లో లెంగ్త్ అని అడిగేది పిచ్ కాదు. మొదటి కన్ను నుంచి చివరి కన్ను దాకా ఉన్న మొత్తం దూరం. ఆటోక్యాడ్ (ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) అలవాటైన వాళ్లు ఆ గడిలో 23 అని కొట్టేశారు. అక్కడ ఇదే పని చేసే అర్రే కమాండ్ ఒక్కో దూరం అడుగుతుంది కాబట్టి చెయ్యి అలా పోతుంది. కానీ ఇక్కడ 18 కళ్లు 23 మిల్లీమీటర్లలో ఇరుక్కుంటాయి, ఒక్కోటి 1.35 మాత్రమే జరుగుతుంది. పైకి కూడా అదే చేస్తే అన్నీ కలిసిపోయి ఒకటే బొక్క అవుతుంది.

మిగతావాళ్లు మొత్తం దూరమే ఇవ్వాలని గుర్తుపెట్టుకున్నారు, కానీ 18 × 23 అని 414 పెట్టారు. చేను చుట్టూ కడీలు పాతించిన వాళ్లకి ఇది తెలుసు. ఒక గట్టు మీద వరసగా 10 కడీలు పాతితే మధ్యలో సందులు 9. తీగ కొలిచేది సందులకి, కడీలకి కాదు. 18 కళ్లకు 17 సందులు. 17 × 23 అంటే 391. అదే పెట్టాలి. 414 పెడితే పిచ్ 24.35 అవుతుంది. నిలువు పట్టీ 3 బదులు 4.35. ఏటవాలు పట్టీల్లో ఒక వైపువి 3, రెండో వైపువి దాదాపు 3.7. కుడి అంచున 28.75 ఉండాల్సింది 5.75 మిగులుతుంది. ఎండీఎఫ్‌లో (చెక్క పీచును అదిమి చేసిన పలక) ఆ అంచు మేకు కొట్టగానే పగులుతుంది. నేను ఈ ఒక్క సందు లెక్క తప్పి ఒకసారి పూర్తి షీటు కోయించి పారేశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను. కొత్త వెర్షన్లలో ఒక్కో దూరం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అయినా ఏ పద్ధతిలో ఉన్నారో చూసుకున్నాకే అంకె కొట్టండి.

నేను చేసే తీరు ఇది. స్కెచ్‌లో ఒక్క కన్ను కాకుండా జత గీస్తాను: ఒకటి, దానికి 11.5 పక్కకు, 19.92 పైకి రెండోది. జతకి ఒకటే పాకెట్. ఆ తర్వాత మల్టీట్రాన్స్‌ఫామ్‌లో (ఒకటికి మించి ప్యాటర్న్‌లను కలిపి వేసే సాధనం) రెండు లీనియర్ ప్యాటర్న్‌లు. పక్కకి 18 సార్లు, లెంగ్త్ 391. పైకి 6 సార్లు, రెండు వరసలు ఒక మెట్టు కాబట్టి 5 × 39.84, అంటే 199.2. మొత్తం 12 వరసలు. ఇలా చేస్తే వరస జరపడం గురించి టెన్షన్ ఉండదు. ఒక ప్యాటర్న్ మీద ఇంకో ప్యాటర్న్ నేరుగా వేయాలని చూడకండి, పార్ట్ డిజైన్ (ఫ్రీక్యాడ్‌లో మనం పని చేస్తున్న విభాగం) ఒప్పుకోదు. అంకెలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోండి, రేపు ఇంటాయన పట్టీ 4 కావాలంటే ఒక్క గడి మారిస్తే సరిపోతుంది.

సరిగ్గా వస్తే ఎడమ, కుడి అంచులు 28.75, పైన, కింద 28.9 ఉంటాయి. కొలత సాధనంతో నాలుగు మూలల్లోనూ కొలవండి, ఒక్క మూల చూసి వదలొద్దు.

ఇక అభ్యాసం. ఇంట్లో పోచంపల్లి చీర ఉంటే పరిచి, డిజైన్ ఎక్కడ నుంచి మళ్లీ మొదలవుతుందో అడ్డంగా, నిలువుగా స్కేలుతో కొలిచి రాసుకోండి. జతను పట్టుకోవడానికి కంటికి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు. ఆ తర్వాత ఇది చేయండి: పలక 900 × 600, అంచు కనీసం 30, కన్ను 25, పట్టీ 4. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద లెక్క కట్టండి. పక్కకి 28 కళ్లు పడతాయి. పైకి 21 వరసలు పడతాయి, జతలతో 20 గానీ 22 గానీ వస్తాయి. ఆ ఇరవై ఒకటో వరసను ఎలా తెచ్చారో ఫైలుతో పాటు రాసి పంపండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.