కామిక్ కవర్‌కు ఇంకు పెట్టే ముందు

అమెరికన్ కామిక్‌లకు వాడే 11×17 అంగుళాల బ్రిస్టల్ బోర్డు (బొమ్మలు గీసే మందపాటి కాగితం) మీద గీస్తున్నారనుకుందాం.

- ముందు మూడు నాలుగు చిన్న స్కెచ్‌లు ఎడిటర్‌కు చూపించండి. ఓకే అన్నాకే బోర్డు ముట్టుకోండి.
- పైభాగం టైటిల్ లోగోది. హీరో తల మరీ పైకి వెళ్తే సగం మొహం దాని కిందే పోతుంది. లోగోను ట్రేసింగ్ పేపర్ మీద గీసి, పెన్సిల్ బొమ్మపై పరచి చూడండి. నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇంకు పడ్డాక తలను కిందికి దించలేం.
- బార్‌కోడ్ ఏ మూలకు వస్తుందో అడగండి.
- అంచుల చుట్టూ బొమ్మ కొంచెం అదనంగా ఉండాలి. ప్రింట్ సైజులో 1/8 అంగుళం కత్తిరింపులో పోతుంది.
- ఫోన్‌లో ఫొటో తీసి, స్టాంపంత చేసి చూడండి. ఎవరు ఏం చేస్తున్నారో తెలియకపోతే ఇప్పుడే చెరిపి సరిచేయండి.
- గీసేటప్పుడు బొమ్మ అలుక్కుపోకుండా చేతి కింద తెల్లకాగితం పెట్టుకోండి.