సంగటిలో పిండి ఉండలు లేకుండా: నా అనుభవం

కనిగిరి వైపు మా ఇంట్లో రాత్రికి రాగి సంగటే. ఎంత గెలికినా ముద్దలో పొడిపిండి ఉండలు తగిలేవి. పిండి జల్లించడం, చన్నీళ్లలో కలిపి పోయడం, మంట పెంచడం... ఏవీ పనిచేయలేదు.

కుదిరింది ఇలా. గ్లాసు నూకలు నానబెట్టి, 5 గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించా. గంజి ఇంకా పైకి కనిపిస్తుండగానే ఉప్పేసి, గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోశా. అప్పుడే గెలకలేదు, అసలు కిటుకు ఇదే. తెడ్డు కాడతో కుప్పలో అక్కడక్కడా గుంటలు పొడిస్తే గంజి పైకి ఉబికింది. మూతపెట్టి సన్నమంట మీద 10 నిమిషాలు. పిండంతా తడిసి రంగు ముదిరాకే దించి, అంచు నుంచి మధ్యకు అదిమి అదిమి గెలికా. తడిచేత్తో ముద్దలు చేస్తే నున్నగా వచ్చాయి. గోంగూర పచ్చడితో అమ్మ ఇంకో ముద్ద వేయించుకుంది.

ఇది మా పిండికి కుదిరిన కొలత. పాత బియ్యం నూకలైతే నీళ్లు ఇంకాస్త పడతాయి.