విత్తన అల్లం ఏప్రిల్ దాకా నిలిచింది (నా అనుభవం)

రాయగడ జిల్లా గుణుపూర్ వైపు పెరట్లో అల్లం వేసుకునే మనవాళ్లందరిదీ ఒకటే గోడు: జనవరిలో తవ్వి దాచిన విత్తన దుంపలు నాటే వేళకు సగం ముడుచుకుపోతాయి, మిగతావి కుళ్లుతాయి. గోనె సంచి, అటక, వెదురు బుట్ట, ఏదీ కుదరలేదు.

చివరకు గుంటతో కుదిరింది. ఆకులు పూర్తిగా ఎండాకే తవ్వి, దెబ్బ తగలని లావు దుంపలనే ఏరాను. లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్లను ఆపే మందు) కలిపి 30 నిమిషాలు నానబెట్టాను. (ఈ దుంపలు ఇక కూరలోకి పనికిరావు, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.) తర్వాత తొక్క మీద తడి అన్నదే లేకుండా నీడలో ఆరబెట్టాను; అసలు కిటుకు ఇక్కడే ఉందని నా అనుమానం. పనస చెట్టు కింద మెరకన గుంట తీసి, పొడి ఇసుక, దుంపలు, మళ్లీ ఇసుక, ఇలా పొరలుగా పేర్చాను. పైన జానెడు ఖాళీ వదిలి, సందులున్న చెక్కలు కప్పాను. ఆ ఖాళీనీ నింపాలనిపిస్తుంది, నింపకండి. దుంపలు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, గాలి ఆడకపోతే వేడెక్కుతాయి. మూడు వారాలకోసారి తెరిచి మెత్తబడినవి ఏరేశాను.

మాది నీరు ఇంకే నేల. ఊట ఊరే పల్లంలో ఇది పనిచేస్తుందని చెప్పలేను. దుంపకుళ్లు సోకిన మడిలోని విత్తనమైతే అసలు దాచవద్దు.