అమెరికా సైన్యంలో నేర్చుకున్న చదువుకు కాలేజీ క్రెడిట్లు: జీఐ బిల్ నెలలు వృథా కాకుండా దరఖాస్తు విధానం

నాలుగేళ్లు అమెరికా ఆర్మీలో కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పని చేసి బయటికొచ్చిన తెలుగు కుర్రాడొకడు కిందటేడాది ఒక ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికి కాలేజీలో రెండు సెమిస్టర్లు అయిపోయాయి. మొదటి సెమిస్టర్‌లో చదివిన వాటిలో ఒకటి నెట్‌వర్కింగ్ మొదటి పాఠాలు. ఆ పనే డ్యూటీగా నాలుగేళ్లు చేసిన మనిషి! "ఎవరూ అడగలేదు అన్నా, నాకూ తెలియలేదు" అన్నాడు. అతన్ని చేర్పించింది ఫోన్‌లో పరిచయమైన ఒక "అడ్వైజర్". అంతా మేమే చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు అన్నాడట. అతని జీఐ బిల్‌లో, అంటే సైన్యంలో పనిచేసినవారి చదువుకు ప్రభుత్వం ఫీజు, ఇంటి అద్దె భత్యం ఇచ్చే పథకంలో, ఎనిమిది నెలలు అలా కరిగిపోయాయి.

అందుకే ఇది రాస్తున్నాను. అమెరికా పౌరులు కానివారిని సైన్యంలోకి తీసుకుంటూ 2009 నుంచి 2016 వరకు నడిచిన మావ్ని పథకం కింద స్టూడెంట్ వీసా మీద ఉన్న భారతీయులు కొందరు ఆర్మీలో చేరారు. ఇక్కడే పుట్టిన మన పిల్లలూ కొందరు చేరుతున్నారు. ఇంట్లో ఇంతకుముందు ఎవరూ సైన్యంలో లేరు కాబట్టి అడగడానికి పెద్దదిక్కు ఉండదు.

ముందుగా తేలిక పని. పోస్ట్ 9/11 జీఐ బిల్ కోసం వెటరన్స్ వ్యవహారాల శాఖ, అంటే వీఏ, వెబ్‌సైట్‌లో ఫారం 22-1990 నింపాలి. లాగిన్ డాట్ గవ్ లేదా ఐడీ డాట్ మీ ఖాతాతో లోపలికి వెళ్లొచ్చు. డీడీ-214 (సర్వీసు నుంచి విడుదలైనట్టు సైన్యం ఇచ్చే పత్రం), బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకుంటే అరగంట పని. దీనికి ఫీజు లేదు. డిశ్చార్జి "ఆనరబుల్", అంటే గౌరవప్రదం, అయి ఉండాలి. మొత్తం 36 నెలలు యాక్టివ్ డ్యూటీ చేసినవారికి నూరు శాతం వస్తుంది, 90 రోజులు దాటినవారికి 50 శాతం నుంచి మొదలవుతుంది. కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ వస్తుంది. అందులో మీకు ఎన్ని నెలల చదువు మిగిలి ఉందో రాసి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి సాధారణంగా 36 నెలలు. 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ సర్వీసు నుంచి బయటికొచ్చినవారికి గడువు తేదీ లేదు. కాబట్టి "త్వరగా చేరకపోతే పోతుంది" అని ఎవరైనా తొందరపెడితే నమ్మకండి.

ఈ సర్టిఫికెట్ రాగానే చాలామంది కాలేజీలో చేరిపోతారు. అక్కడే దెబ్బతింటారు. చేరే ముందు ఇంకో కాగితం పని పూర్తి కావాలి. దాని పేరు జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్, అందరూ జేఎస్‌టీ అంటారు. ఆర్మీ, నేవీ, మెరైన్ కోర్, కోస్ట్ గార్డ్‌లలో పనిచేసినవారి శిక్షణ అంతా అందులో ఉంటుంది. ఎయిర్ ఫోర్స్ వారి దారి వేరు. వారికి కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్ ఫోర్స్ తన ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తుంది. ఆ కాలేజీ ఇచ్చే అసోసియేట్ డిగ్రీ సర్వీసులో ఉండగానే పూర్తి చేసుకోవాలి, బయటికొచ్చాక కుదరదు. ఇంకా యూనిఫాంలో ఉన్నవారు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఎంతో మేలు.

జేఎస్‌టీ తెరిచి చూస్తే ఎడమవైపు మీరు చేసిన మిలిటరీ కోర్సు పేరు, తేదీలు కనిపిస్తాయి. కుడివైపు అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ చేసిన సిఫారసు ఉంటుంది: ఏ సబ్జెక్టులో ఎన్ని సెమిస్టర్ గంటలు, ఏ స్థాయి అని. అంకె పక్కన "ఎస్‌హెచ్" అంటే సెమిస్టర్ గంటలు, కాలేజీ భాషలో క్రెడిట్లు. "ఎల్" అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయి, "యూ" అంటే పై రెండేళ్ల స్థాయి. 25బీ లాంటి ఉద్యోగ కోడ్‌కు కోర్సులతో సంబంధం లేకుండా విడిగా సిఫారసు ఉండొచ్చు, అదీ మీ స్కిల్ లెవెల్‌ను బట్టి మారుతుంది. కాలేజీ క్రెడిట్ కోసం రాసే క్లెప్, డీఎస్ఎస్‌టీ పరీక్షలు రాసి ఉంటే ఆ మార్కులూ ఇందులోనే ఉంటాయి. ఏదైనా కోర్సు కనిపించకపోతే యూనిట్‌లో ఉండగానే కంప్లీషన్ సర్టిఫికెట్ పెట్టి సరిచేయించుకోవడం సులువు. బయటికొచ్చాక కూడా చేయించుకోవచ్చు గానీ కాగితాలు వెతకడానికే నెలలు పడుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది సిఫారసు మాత్రమే. క్రెడిట్ ఇచ్చేది కాలేజీ. ఒకే జేఎస్‌టీకి ఒక కాలేజీ 30 క్రెడిట్లు ఇస్తే పక్క ఊరి కాలేజీ ఆరు ఇవ్వొచ్చు. ఇంకో చిక్కుంది. ఇచ్చిన 30 కూడా "ఫ్రీ ఎలెక్టివ్", అంటే నచ్చినది ఎంచుకునే కోర్సుల, కింద పడేస్తే, మీ డిగ్రీలో ఎలెక్టివ్‌లకు 12 క్రెడిట్ల చోటే ఉంటే, మిగతా 18 కాగితం మీద అంకెలే. "మాక్సిమం క్రెడిట్లు ఇప్పిస్తాం" అనే ప్రకటనల్లో చెప్పనిది ఇదే. ఎన్ని క్రెడిట్లు ఇస్తారు అని కాదు, నా డిగ్రీ ప్లాన్‌లో ఏయే కోర్సు చదవక్కర్లేదు అని అడగాలి. జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు రిజిస్ట్రార్ దగ్గర పనికి రాదు.

లెక్క చూడండి. డిగ్రీకి 120 క్రెడిట్లు. పూర్తికాలం చదివితే ఒక సెమిస్టర్‌కు జీఐ బిల్‌లో సుమారు నాలుగు నెలలు పోతాయి. డిగ్రీకి నిజంగా పనికొచ్చే 24 క్రెడిట్లు జేఎస్‌టీ నుంచి వస్తే దాదాపు రెండు సెమిస్టర్లు, అంటే ఎనిమిది నెలలు మిగులుతాయి. ఆ ఎనిమిది నెలలతో తర్వాత మాస్టర్స్‌లో రెండు సెమిస్టర్లు గట్టెక్కొచ్చు.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు వీఏ వారి జీఐ బిల్ కంపారిజన్ టూల్‌లో రెండు మూడు కాలేజీలు చూసుకోండి. కాలేజీ పేరు దగ్గర కాషన్ ఫ్లాగ్ (హెచ్చరిక గుర్తు) ఉంటే ఎందుకో చదవండి. తర్వాత ఆ కాలేజీలన్నింటికీ జేఎస్‌టీ పంపండి. మీరు డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్ అనధికార కాపీ కిందే లెక్క. చాలా దరఖాస్తులు వెనక్కి వచ్చేది అందుకే. జేఎస్‌టీ సైట్‌లోనే కాలేజీని ఎంచుకుని అక్కడి నుంచి నేరుగా పంపితేనే అధికారిక కాపీ అవుతుంది. దీనికీ పైసా ఖర్చు లేదు.

మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా ఇరుక్కునేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సైన్యం రికార్డులో ఇంకోచోట, సిటిజన్‌షిప్ వచ్చినప్పుడు కుదించుకున్న పేరు మరోటి. కాలేజీ దరఖాస్తులో నాలుగోది. జేఎస్‌టీ ఎలక్ట్రానిక్‌గా వెళ్లి ఎవరి ఫైలులోనూ చేరకుండా ఉండిపోతుంది. విద్యార్థి పంపేశాననుకుంటాడు, కాలేజీ రాలేదంటుంది. నా దగ్గరికి వచ్చిన కుర్రాడి ఫైలులోనూ ఇదే జరిగింది, తర్వాత పంపిన అతని జేఎస్‌టీ నాలుగు నెలలు అలా పడి ఉంది. కాబట్టి కాలేజీ దరఖాస్తులో డీడీ-214లో ఉన్న పేరునే రాయండి, "పూర్వపు పేర్లు" అనే గడిలో మిగతావన్నీ నింపండి. పంపిన వారం తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేసి చేరిందో లేదో కనుక్కోండి.

ఇండియాలో బీటెక్కో, మధ్యలో ఆపేసిన డిగ్రీనో ఉన్నవారు దాన్ని దాచిపెట్టకండి. అక్కర్లేదేమో, దానివల్ల ఇబ్బందేమో అని కొందరు భయపడతారు. మునుపటి చదువు, శిక్షణ అంతా కాలేజీ పరిశీలించి, తగిన క్రెడిట్ ఇచ్చి, ఆ మేరకు కోర్సు తగ్గించాలని వీఏ నిబంధనే ఉంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లు రాలేదని కాలేజీ ఒకటి రెండు సెమిస్టర్లు ఓపిక పట్టి, ఆ తర్వాత మీ చదువును వీఏకు ధ్రువీకరించడం ఆపేస్తుంది. అప్పుడు ఫీజు, ఇంటి అద్దె భత్యం రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఇండియా మార్కుల జాబితాలకు విదేశీ చదువుల మూల్యాంకనం చేసే సంస్థ నివేదిక అడుగుతారు. యూనివర్సిటీ నుంచి సీల్ వేసిన కవరు తెప్పించడానికే టైం పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

టెక్సస్‌లో ఉన్నవారికి ఒక మంచి మాట. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం రెండేళ్లు పనిచేసి ఆనరబుల్‌గా బయటికొచ్చిన, గుర్తింపు ఉన్న హైస్కూల్ చదువు పూర్తి చేసిన వెటరన్‌కు ప్రభుత్వ కాలేజీలు వ్యాయామ విద్య క్రెడిట్లతో పాటు 12 వరకు ఎలెక్టివ్ క్రెడిట్లు ఇవ్వాలి.

క్రెడిట్లు ఎక్కువైనా ఒక ఇబ్బంది ఉంది. వీఏ డబ్బు మీ డిగ్రీకి అవసరమైన కోర్సులకే వస్తుంది. జనరల్ సబ్జెక్టులన్నీ తీరిపోయి, ఆ సెమిస్టర్‌లో మూడే కోర్సులు మిగిలితే పూర్తికాలం లెక్క రాదు, అద్దె భత్యం తగ్గుతుంది. సగం లేదా అంతకంటే తక్కువ చదివితే భత్యమే రాదు. అంతా ఆన్‌లైన్ అయితే దేశవ్యాప్త సగటులో సగమే ఇస్తారు. అద్దె ఈ డబ్బుతోనే కట్టేవారు కోర్సుల వరుసను మొదటి రోజే వేసుకోవాలి. ఇందులో మీకు తోడుండేది కాలేజీలోని స్కూల్ సర్టిఫైయింగ్ అఫీషియల్. మీ చదువును వీఏకు ధ్రువీకరించే ఉద్యోగి ఆయనే. ఒకసారి ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

డబ్బు తీసుకుని ఇదంతా చేసిపెడతామనేవారికి లాగిన్ వివరాలు ఇవ్వకండి. లాగిన్ చేతికి చిక్కితే బ్యాంకు ఖాతా నంబరు మార్చేయడం ఎంతసేపు! సందేహం ఉంటే వీఏ జీఐ బిల్ హాట్‌లైన్ 888-442-4551 ఉంది. మొహమాటం లేకుండా అడగండి, అది మీరు సంపాదించుకున్న హక్కు.

చదువు మొదలయ్యాక నెలనెలా "ఇంకా చదువుతున్నారా" అని వీఏ నుంచి మెసేజ్ వస్తుంది. అవునని జవాబివ్వాలి. వరుసగా రెండు నెలలు ఇవ్వకపోతే భత్యం ఆగిపోతుంది. ఫోన్ నంబరు మారితే ఆ రోజే వీఏ సైట్‌లో మార్చండి.

ఆ కుర్రాడి సంగతికొస్తే, ఇద్దరం కూర్చుని పునఃపరిశీలన కోరుతూ ఒక పేజీ ఉత్తరం రాశాం. జేఎస్‌టీలో తొమ్మిది క్రెడిట్లు ఎలెక్టివ్ కింద పడి ఉన్నాయి. వాటికి సరిపోయే మూడు కోర్సుల సిలబస్ పక్కన శిక్షణ పాఠాల జాబితా పెట్టి, గీతలు గీసి, ఏది దేనికి సమానమో చూపించాం. డిపార్ట్‌మెంట్ వాళ్లు రెండు కోర్సులు ఒప్పుకున్నారు, ఒకటి కాదన్నారు. పోయిన ఎనిమిది నెలలు తిరిగి రాలేదు. మిగిలిన 28 నెలల్లో డిగ్రీ పూర్తవుతుందని సర్టిఫైయింగ్ అఫీషియల్ లెక్కవేసి కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పుడు అతని ఫైలులో అన్నింటికంటే పైన ఉంది.